మజిల్ అటాచ్‌మెంట్ పెట్టాక గ్రూప్ చెడిందా? ఎయిర్ రైఫిల్ సమస్య – పరిష్కారం

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్లంటే మధ్యలోని 0.5 మి.మీ. చుక్క. 4.5 మి.మీ. పెల్లెట్ (సీసపు గుండు) అంచు దాన్ని తాకితేనే పది. పెల్లెట్ మధ్యభాగం కేంద్రం నుంచి 2.5 మి.మీ. దాటిందా, పది పోయినట్టే. మజిల్‌కు, అంటే బ్యారెల్ ముందు కొనకు బిగించే వెయిటు, స్లీవ్ (గొట్టం), మజిల్ బ్రేక్ (గాలిని మళ్లించి కుదుపు తగ్గించేది), ఎయిర్ స్ట్రిప్పర్ (పెల్లెట్ వెనకాల గాలిని పక్కకు తప్పించే కోన్) ఏదైనా సరే, అంతమాత్రం తేడా తేలిగ్గా తెస్తుంది.

ముందు దాన్ని తీసేసి కాల్చండి

గ్రూప్ (టార్గెట్ మీద షాట్లు పడిన గుంపు) చెడగానే పెల్లెట్ల డబ్బా మారుస్తారు, స్కోప్ మౌంట్లు విప్పుతారు, బ్యారెల్‌ను తెగ తోముతారు. అటాచ్‌మెంట్ మాత్రం విప్పరు! ఒకే డబ్బా పెల్లెట్లతో, రైఫిల్‌ను ఒకేలా ఆనించి, అటాచ్‌మెంట్‌తో 10, అది లేకుండా 10, మళ్లీ పెట్టి 10 కాల్చండి. చూడాల్సింది గ్రూప్ ఎంత వెడల్పుందనేది, ఎక్కడ పడిందనేది కాదు. ఫ్రంట్ సైట్ (గురి చూసే ముందు భాగం) అటాచ్‌మెంట్ మీదే ఉంటే స్కోప్ పెట్టి చేయండి.

గ్రూప్ బిగువుగానే ఉంది, చోటు మారింది

ఇది లోపం కాదు. బ్యారెల్ చివర బరువు పెరిగితే అది కంపించే తీరు మారుతుంది, పెల్లెట్ వేరే చోట పడుతుంది. స్ప్రింగ్ రైఫిల్‌లో ఈ తేడా ఎక్కువ. మళ్లీ జీరో చేసుకుంటే, అంటే షాట్లు మధ్యలో పడేలా సైట్ సరిచేసుకుంటే సరి.

రోజుకో చోట పడుతుంటే మాత్రం అటాచ్‌మెంట్ కదులుతోంది. బ్యారెల్‌కీ దానికీ కలిపి ఒక పెన్సిల్ గీత గీయండి. 30 షాట్ల తర్వాత గీత రెండుగా విడిపోతే సంగతి తేలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ మీద ఫ్రంట్ సైట్ ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం: సైట్ల మధ్య 80 సెం.మీ. ఉందనుకుంటే, ఫ్రంట్ సైట్ 0.1 మి.మీ. జరిగినా టార్గెట్ మీద 1.25 మి.మీ. తేడా వస్తుంది.

ఏడెనిమిది ఒకే చోట, రెండు మూడు దూరంగా

అందరినీ ముప్పుతిప్పలు పెట్టేది ఇదే. షూటర్ తన ట్రిగ్గర్‌నే అనుమానించుకుంటూ నెలలు గడిపేస్తాడు. అసలు సంగతి, అటాచ్‌మెంట్ వంకరగా కూర్చుంది. కంటికి తిన్నగానే కనిపిస్తుంది, అదే దీనితో చిక్కు.

లెక్క చూడండి. బ్యారెల్ 15 మి.మీ., అడాప్టర్ (అటాచ్‌మెంట్‌ను బ్యారెల్‌కు పట్టించే భాగం) లోపలి కొలత 15.5 మి.మీ., పట్టు పొడవు 30 మి.మీ. అనుకుందాం. ఆ అర మిల్లీమీటరు సందుతో అడాప్టర్ 60కి 1 వంతున వాలగలదు. పెల్లెట్ వెలుపలికి వెళ్లే బయటి రంధ్రం మజిల్‌కు 90 మి.మీ. ముందుంటే, అక్కడికి 1.5 మి.మీ. పక్కకు జరుగుతుంది. రంధ్రం 6 మి.మీ. అయితే పెల్లెట్‌కు చుట్టూ ఉన్న జాగా 0.75 మి.మీ. మాత్రమే. ఇక తగలక ఏమవుతుంది?

తగలకపోయినా చెడే వీలుంది. పెల్లెట్ వెనక నుంచి వచ్చే గాలి ఒక వైపు ఎక్కువగా తన్ని దాని స్కర్ట్‌ను (వెనక పల్చటి అంచును) పక్కకు నెడుతుంది. అందుకే లోపల సీసం మరక లేదు కదా అని వదిలేయకండి.

పట్టుకునే మార్గాలు ఇవి. రైఫిల్ ఖాళీగా ఉందని రూఢి చేసుకున్నాకే మొదలుపెట్టండి.

– బయటి రంధ్రం లోపలి అంచును ఇయర్ బడ్‌తో తుడవండి. బూడిద రంగు మరక ఒక పక్కే ఉంటే పెల్లెట్ తగులుతున్నట్టే.
– అంచు చుట్టూ మార్కర్ పూసి 5 షాట్లు కాల్చి, గీసుకుపోయిన చోటు చూడండి.
– బ్రేక్ బ్యారెల్ (బ్యారెల్ వంచి పెల్లెట్ పెట్టే రకం) అయితే బ్యారెల్ వంచి, బ్రీచ్ వైపు, అంటే పెల్లెట్ పెట్టే చివర నుంచి వెలుతురులోకి చూడండి. బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం) వృత్తమూ బయటి రంధ్రమూ ఒకే కేంద్రంతో కనిపించాలి.
– అడాప్టర్‌ను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించండి. దూరంగా పడే షాట్ల దిక్కు కూడా తిరిగితే ఇక సందేహం అక్కర్లేదు.

చాలాసార్లు కారణం బిగించే పద్ధతే. అడాప్టర్‌ను పట్టి ఉంచే మూడు గ్రబ్ స్క్రూల్లో (తల లేని చిన్న స్క్రూలు) ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే అడాప్టర్ ఒక పక్కకు ఒరుగుతుంది. మూడింటినీ వేలితో తాకేదాకా తిప్పి, తర్వాత పావు చుట్టు చొప్పున వరసగా బిగించండి. సందు పూడ్చడానికి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటే తీసేయండి, అది ఎప్పుడూ సమంగా అణగదు. లేత్ మిషన్ షాపులో బ్యారెల్ కొలతకు సరిగ్గా సరిపోయే ఇత్తడి బుష్ (సందు పూడ్చే గొట్టం) చేయించండి. అక్కడే బయటి రంధ్రాన్ని 7 మి.మీ.కు పెంచితే ఇంకా నయం.

పోటీలకు వెళ్లేవారు గుర్తుంచుకోండి: ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల ప్రకారం రైఫిల్‌కు మజిల్ బ్రేక్, కాంపెన్సేటర్ (మజిల్ ఎగరకుండా గాలిని మళ్లించేది) నిషిద్ధం. వెయిట్లు, ఎక్స్‌టెన్షన్ ట్యూబ్‌ల విషయంలో కూడా కొలతల పరిమితులు చూసుకోండి.

గ్రూప్ మొత్తం విచ్చుకుంది

స్క్రూలు అతిగా బిగించి పల్చటి బ్యారెల్‌ను నొక్కేసి ఉంటారు. ఒక పెల్లెట్‌ను క్లీనింగ్ రాడ్‌తో మెల్లగా తోయండి. స్క్రూల దగ్గర బిగుసుకుని, స్క్రూలు వదులు చేస్తే తేలిగ్గా జారితే కారణం అదే. పట్టు సరిపోవడానికి బలం వాడకండి, స్క్రూలకు మధ్యరకం థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి.

ఇంకేమైనా?

మజిల్ అంచు దెబ్బతినడం అరుదు. ఇయర్ బడ్‌ను అంచు చుట్టూ తిప్పండి, దూది పోగు ఎక్కడా చిక్కుకోకపోతే అంచు బాగున్నట్టే. ఎయిర్ స్ట్రిప్పర్ కోన్ మీద సీసం పేరుకుంటే తుడిచేయండి. ఓ-రింగ్ (రబ్బరు చుట్టు) ఉబ్బితే మార్చేయండి.