ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు టీచర్లకు ఉచిత ఆన్‌లైన్ సెమినార్ పెట్టాలంటే

గంటలో అయిదు సాఫ్ట్‌వేర్లు చూపిస్తే ఒక్కటీ గుర్తుండదు. నెట్ లేకుండా పాఠాలు చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ కొలిబ్రి ఒక్కటి తీసుకోండి. పాఠాల్ని ముందే ల్యాప్‌టాప్‌లోకి దించుకుంటే, బడిలో నెట్ లేకపోయినా ఆ ల్యాప్‌టాప్ ఉన్న వైఫైకే కలిపిన ఫోన్ల బ్రౌజర్లో తెరుచుకుంటాయి. సిగ్నల్ సరిగా అందని గుణుపూర్ కొండపల్లెలకు కావలసింది ఇదే. మీటింగ్‌ను వేరే ఫోన్లో ఉంచి, కొలిబ్రి ఉన్న ల్యాప్‌టాప్‌కు నెట్ ఆపేసి మరీ చూపించండి, అప్పుడే నమ్ముతారు.

వీడియో మీటింగ్‌కు జిట్సీ మీట్ అనే ఉచిత సాధనం చాలు. 2023 ఆగస్టు నుంచి వాళ్ల ఉచిత సర్వర్లో గది తెరిచేవారు గూగుల్, గిట్‌హబ్ లేదా ఫేస్‌బుక్ ఖాతాతో లాగిన్ కావాలి. వచ్చేవాళ్లకు ఆ బాదరబందీ లేదు, కానీ మీరు చేరేదాకా బయటే ఆగిపోతారు. అందుకని 15 నిమిషాల ముందే లోపల ఉండండి.

మాట్లాడేవారివి తప్ప మిగతా కెమెరాలు, మైకులు ఆపించండి; లేకుంటే నెట్ బలహీనమైనచోట మాట తెగిపోతుంది. ఒకేచోట కూర్చుని రెండు ఫోన్లతో మీటింగ్‌లో చేరితే కూత పుడుతుంది, ఒకదాని మైకు, స్పీకరు రెండూ కట్టేయాలి. పాఠం వీడియో వినిపించాలంటే క్రోమ్‌లో ఆ ట్యాబ్‌నే శబ్దంతో సహా షేర్ చేయండి. ఫోన్లో చూసేవాళ్ల కోసం పేజీని 150 శాతానికి పెంచండి.

మాట తెలుగులో సాగినా, ఒడియా మీడియం టీచర్లుంటే మెనూ పేర్లు నిదానంగా చదవండి.

రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. మొదలుపెట్టగానే మీ మైకు మీటరు, అవతలివాళ్ల శబ్దం మీటరు రెండూ కదులుతున్నాయేమో చూసుకోండి. కరెంటు పోతే రౌటరూ పోతుంది. మొబైల్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి.