పగడాలు పడిపోతున్నాయా? సీ అర్చిన్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

అనంతపురంలో ఉప్పునీటి ట్యాంకు పెట్టానంటే చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు, సముద్రం చూడాలంటే చెన్నై దాకా పోవాల్సిన ఊరు కదా మాది. నా దగ్గరున్నవి మెత్తటి పగడాలే. రాతి పగడాలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఎవరు అమ్ముతామన్నా వాటి జోలికి పోవద్దు. నాచు తింటుందని ఉమ్మెత్తకాయంత సీ అర్చిన్‌ని (ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి సముద్రజీవి) తెచ్చాక మొదలైంది గోల.

సమస్య: పొద్దున లేచేసరికి పగడం ముక్కలు తలకిందులు.

కారణం: ఇది రాత్రిపూట తిరుగుతుంది, దారిలో ఏముంటే దాన్ని తోసేస్తుంది. టక్సీడో రకమైతే ఇంకా ఘోరం, దొరికినదల్లా నెత్తిన పెట్టుకుంటుంది. నాది ఒకరోజు జోయాంథస్ (బొత్తాల్లాంటి మెత్తటి పగడం) ముక్కని టోపీలా పెట్టుకుని దర్జాగా అద్దం ఎక్కుతోంది!

పరిష్కారం: ముక్క అడుగున సూపర్ గ్లూ జెల్, దాని కింద ఎపాక్సీ పుట్టీ (నీళ్లలోనూ గట్టిపడే జిగురు మట్టి) ముద్ద, మళ్లీ జెల్ పెట్టి రాయికి గట్టిగా నొక్కండి. నీళ్లలా కారే గ్లూ నిలవదు. గ్లౌజులు తప్పనిసరి, కొన్ని జోయాంథస్‌లలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది.

సమస్య: తెల్లటి గీతలు.

గీతలు ఎక్కడున్నాయన్నదే అసలు సంగతి. రాయి మీది గులాబీ పొర (ఒక రకం గట్టి నాచు) మీదైతే టెన్షన్ వద్దు, అది అర్చిన్ తిండి. నోట్లో ఐదు పళ్లుంటాయి, అరిగేకొద్దీ పదునెక్కుతాయి. పగడం అడుగుభాగాన్ని గీకిందంటే మాత్రం ఆకలి. సాయంత్రం చిన్న రాయికి నోరి షీట్ (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క రబ్బరు బ్యాండుతో కట్టి దాని పక్కన పెట్టండి, గీకడం తగ్గుతుంది. చిన్న ట్యాంకులో రెండోది అసలు వద్దు. సముద్రంలోనూ ఇదే కథ: కెన్యా తీరంలో అర్చిన్లని తినే ట్రిగర్ చేపల్ని జనం పట్టేస్తే, ఇవి పెరిగిపోయి పగడపు దిబ్బనే కొరికేశాయి. అలాగని మొత్తం తీసేద్దామా అంటే, 1983-84లో కరేబియన్‌లో పొడవు ముళ్ల అర్చిన్లు జబ్బుతో కుప్పలుగా చచ్చాక జమైకా పగడాల్ని నాచు కప్పేసింది.

సమస్య: అర్చిన్ ముళ్లే రాలుతున్నాయి.

నీళ్లలో తేడా. మన మే ఎండకి నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. రిఫ్రాక్టోమీటర్‌లో (ఉప్పు ఎంతుందో కొలిచే పరికరం) 1.025 దాటిందా? ఉప్పు కలపని ఆర్వో నీళ్లే కొంచెం కొంచెంగా పోయండి, బోరు నీళ్లు మాత్రం వద్దు. చేపల జబ్బుకి రాగి మందు వేసుంటే ముందు అర్చిన్‌ని బయటికి తీయండి, రాగి దానికి విషం.