కొట్టేసే ముందు ‘ఎలా చేశావు?’ అని అడగండి

లెక్క తప్పగానే ఎర్ర పెన్నుతో కొట్టేసి సరైన పద్ధతి చూపించేయడం చాలామందికి అలవాటు. మంచి లెక్కల ట్యూటర్లు ముందు ‘ఇది ఎలా వచ్చిందో చెప్పు’ అంటారు. ఇంట్లో మీరూ చేయొచ్చు.

52లోంచి 38 తీసేస్తే 26 అని రాసిన పిల్లవాణ్ణి అడిగి చూడండి. ‘5లోంచి 3 పోతే 2, 8లోంచి 2 పోతే 6’ అంటాడు. అంటే తీసివేత వచ్చు. ఎక్కడైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలన్న సొంత సూత్రమే కొంప ముంచుతోంది. ఇలాంటివి ఇంకో ఇరవై ఇస్తే ఆ తప్పునే బాగా సాధన చేస్తాడు!

‘26కి 38 కలిపి చూడు’ అనండి చాలు. 64 వచ్చేసరికి వాడే తల గోక్కుంటాడు. అప్పుడు పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి 38 తీయమనండి. విడి పుల్లలు చాలవు, ఒక కట్ట విప్పక తప్పదు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఇదేనని కళ్ళారా చూస్తాడు.

జవాబు సరిగ్గా ఉన్నప్పుడు కూడా అడుగుతుండాలి సుమా. లేకపోతే మీరు ‘ఎలా చేశావు’ అనగానే తప్పయిందని పసిగట్టి, చెప్పకుండానే చెరిపేస్తారు గడుగ్గాయిలు.