గేమ్ లాంచర్ తెరుచుకోవడం లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చేసి చూడండి

మే నెలలో ఒక మధ్యాహ్నం మా పిన్ని కొడుకు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. స్టీమ్ అనే గేమ్ లాంచర్ అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయిందట. వచ్చాక ఐకాన్ మీద ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదట. నేను గుంటూరు నుంచి బయలుదేరేలోపే వాడు సీపీయూ మోసుకుని దగ్గర్లోని షాపుకు వెళ్లిపోయాడు. అక్కడ వాళ్లు ఇంకేమీ చూడకుండా ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. స్టీమ్ తెరుచుకుంది. కానీ దించుకున్న ఆటలన్నీ పోయాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఇంజనీరింగ్ మూడో ఏడు ప్రాజెక్టు ఫైళ్లు కూడా పోయాయి. నిజానికి అది పావుగంట పని. ఇంకెవరికీ అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తెలియాలి. లాంచర్ వేరు, ఆట వేరు. స్టీమ్, ఎపిక్ గేమ్స్ లాంటివి ఆటలను కొనడానికి, దించుకోవడానికి, తెరవడానికి పనికొచ్చే ప్రోగ్రాములు. లాంచర్ సైజు చిన్నదే. దాని కింద ఉన్న ఆటలు మాత్రం చాలా పెద్దవి. జీటీఏ 5 ఒక్కటే 100 జీబీ దాటుతుంది. 40 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద 100 జీబీ మళ్లీ దించుకోవాలంటే, వేగం ఎక్కడా తగ్గకపోయినా ఐదున్నర గంటలు పడుతుంది. అందుకే ఆటలను ముట్టుకోకుండా లాంచర్‌ని మాత్రమే బాగుచేసుకోవాలి.

ఇంకో మాట. ఒకేసారి నాలుగు మార్పులు చేయకండి. ఒకటి చేసి లాంచర్ తెరిచి చూడండి. తెరుచుకోకపోతేనే తర్వాతి దానికి వెళ్లండి. లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో కూడా తెలియదు.

ముందుగా, ఎక్కడ ఆగుతోందో గమనించండి

ఐకాన్ నొక్కినా అసలు ఏమీ రాకపోవడం ఒక రకం. చిన్న కిటికీ వచ్చి మాయమవడం ఇంకో రకం. కిటికీ వచ్చినా లోపల నల్లగానో తెల్లగానో ఖాళీగా ఉండటం మూడోది. లాగిన్ దగ్గర చక్రం తిరుగుతూనే ఉండటం నాలుగోది. మొదటి రెండింటికీ తప్పు ఎక్కువగా ఫైళ్లలో ఉంటుంది. మూడోదానికి గ్రాఫిక్స్‌లో, నాలుగోదానికి నెట్‌లోనో గడియారంలోనో వెతకాలి.

చిన్న కిటికీలో అప్‌డేట్ అవుతోందనో, ఫైళ్లు సరిచూస్తోందనో రాసి ఉంటే కాసేపు ఆగండి. పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్లలో అది నిమిషాల తరబడి అలాగే ఉంటుంది. మధ్యలో ఆపేస్తే లేని సమస్య కొత్తగా వస్తుంది.

స్టీమ్‌లో మంగళవారాల్లో మామూలుగా మరమ్మతు ఉంటుంది. అది అమెరికా పడమటి తీరంలో సాయంత్రం జరుగుతుంది కాబట్టి మనకు బుధవారం తెల్లవారుజాము అవుతుంది. ఆ వేళప్పుడు లాగిన్ కాకపోతే కంప్యూటర్‌ని ఏమీ చేయకండి. గంట ఆగి చూడండి.

పాతది వెనకాల నడుస్తోందేమో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టీమ్, స్టీమ్ వెబ్ హెల్పర్ అని కనిపిస్తే ఒక్కోదాన్నీ ఎంచుకుని ఎండ్ టాస్క్ నొక్కండి. ఎపిక్ వాడేవాళ్లు ఎపిక్ పేరుతో ఉన్నవన్నీ అలాగే ఆపండి. సగంలో ఇరుక్కుపోయిన పాత ప్రాసెస్ వల్ల కొత్తది తెరుచుకోకపోవడం చాలా మామూలు. తర్వాత కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు. రీస్టార్ట్‌లోనే అది జరుగుతుంది.

తేదీ, టైమ్

దీన్ని చాలామంది పట్టించుకోరు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మా బంధువులు సీపీయూని పై అంతస్తుకు చేర్చి కాపాడుకున్నారు. నెలల తర్వాత దించి ఆన్ చేస్తే అన్నీ పనిచేశాయి, లాంచర్ మాత్రం లాగిన్ కాలేదు. చూస్తే కంప్యూటర్‌లో తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంది. సర్వర్‌తో మాట్లాడే ముందు లాంచర్ దాని భద్రతా సర్టిఫికెట్‌ని సరిచూస్తుంది. ఆ సర్టిఫికెట్‌కు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. మీ గడియారం తప్పయితే ఆ సర్టిఫికెట్ చెల్లదనుకుని లాంచర్ కనెక్షన్ తెంచేస్తుంది.

సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లండి. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదే అయి ఉండాలి. సింక్ నౌ నొక్కండి. రోజూ కరెంటు తీసేసరికి తేదీ మళ్లీ తప్పుతోందంటే మదర్‌బోర్డు మీద నాణెంలాంటి బ్యాటరీ అయిపోయిందని అర్థం. చాలా బోర్డుల్లో ఉండేది సీఆర్2032. అరండల్‌పేటలోనో గవర్నర్‌పేటలోనో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగినా తక్కువ ధరకే దొరుకుతుంది.

లాంచర్ ఫైళ్లు పాడైతే

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినవాళ్లకు అసలు వైద్యం ఇదే. కాస్త నెమ్మదిగా చేయండి.

కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి స్టీమ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. అలా చేస్తే స్టీమ్ ఫోల్డర్‌లో ఉన్న ఆటలు కూడా దాంతోపాటే చెరిగిపోతాయి. బదులుగా డెస్క్‌టాప్ మీద స్టీమ్ ఐకాన్‌ని రైట్ క్లిక్ చేసి, ఓపెన్ ఫైల్ లొకేషన్ ఎంచుకోండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో మూడింటిని గుర్తుపట్టండి. స్టీమ్‌యాప్స్ అనే ఫోల్డర్, ఇందులో మీ ఆటలు ఉంటాయి. యూజర్‌డేటా అనే ఫోల్డర్, ఇందులో మీ సెట్టింగులు, కొన్ని ఆటల సేవ్ ఫైళ్లు ఉంటాయి. ఇక మూడోది స్టీమ్ అనే పేరున్న అప్లికేషన్ ఫైల్. ఈ మూడూ అక్కడే ఉండాలి.

మిగతావన్నీ తీసేయమని స్టీమ్ వాడేవాళ్లు చెబుతారు. నేను వెంటనే డిలీట్ చేయను. డెస్క్‌టాప్ మీద పాతవి అని ఒక ఫోల్డర్ చేసి వాటిని అందులోకి జరుపుతాను. పొరపాటున ఏదైనా ముఖ్యమైనది కదిలినా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇప్పుడు ఆ స్టీమ్ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేయండి. తనకు కావలసిన ఫైళ్లన్నీ మళ్లీ అదే దించుకుంటుంది. మళ్లీ లాగిన్ అడుగుతుంది కాబట్టి పాస్‌వర్డ్, స్టీమ్ గార్డ్ (లాగిన్‌కి కోడ్ ఇచ్చే భద్రతా ఏర్పాటు) ఉన్న ఫోన్ దగ్గర పెట్టుకోండి. ఆటలు డీ డ్రైవ్‌లో ఉండి లైబ్రరీలో కనిపించకపోతే కంగారు పడకండి. స్టీమ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి ఆ డ్రైవ్‌ని మళ్లీ జోడిస్తే వచ్చేస్తాయి.

అన్నీ బాగున్నాయని రెండు మూడు రోజులు చూసుకున్నాకే పాతవి ఫోల్డర్‌ని తీసేయండి.

ఈ పనికి సీ డ్రైవ్‌లో ఖాళీ కూడా ఉండాలి. 120 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్లలో సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయి లాంచర్ మొరాయించడం నేను చాలాసార్లు చూశాను.

కిటికీ నల్లగా వస్తే

లాంచర్లలో స్టోరు, లైబ్రరీ పేజీలు నిజానికి వెబ్ పేజీలే. స్టీమ్ లోపల క్రోమియం (క్రోమ్‌కి ఆధారమైనది) బ్రౌజర్ ఉంటుంది. దానికీ గ్రాఫిక్స్ డ్రైవర్‌కీ (గ్రాఫిక్స్ కార్డుని నడిపే ప్రోగ్రాముకీ) పొసగకపోతే కిటికీ వస్తుంది, లోపల ఏమీ కనిపించదు.

స్టీమ్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. టార్గెట్ అనే గడిలో ఉన్నదాన్ని చెరపకుండా, చివర కొటేషన్ గుర్తు తర్వాత ఒక ఖాళీ వదలండి. తర్వాత ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో హైఫన్, సీ ఈ ఎఫ్, హైఫన్, డిసేబుల్, హైఫన్, జీ పీ యూ అని మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఓకే నొక్కండి. అప్పుడు స్టీమ్ తన పేజీలను గ్రాఫిక్స్ కార్డు సాయం లేకుండా గీస్తుంది. దాంతో తెరుచుకుంటే తప్పు డ్రైవర్‌దే. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్‌లలో మీది ఏదైతే ఆ కంపెనీ సైటు నుంచే కొత్త డ్రైవర్ దించుకుని వేసుకోండి. ఆటల వేగానికి ఈ మార్పుతో సంబంధం లేదు.

ఎపిక్‌లో అయితే వెబ్ క్యాష్, అంటే పేజీల కోసం దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు, తీసేయాలి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన గడిలో పర్సంట్ గుర్తు, లోకల్‌యాప్‌డేటా, మళ్లీ పర్సంట్ గుర్తు అని ఇంగ్లీషులో కొట్టండి. ఎపిక్ గేమ్స్ లాంచర్ ఫోల్డర్, అందులో సేవ్డ్ ఫోల్డర్ తెరవండి. వెబ్‌క్యాష్ అని మొదలయ్యే ఫోల్డర్లన్నీ డిలీట్ చేయండి. కొన్నింటి పేరు చివర అంకెలు ఉంటాయి, అవి కూడా తీసేయవచ్చు. ఆటలు అక్కడ ఉండవు.

నెట్ తప్పా, కంప్యూటర్ తప్పా?

తేల్చుకోవడానికి తేలిక మార్గం మీ ఫోన్. హాట్‌స్పాట్ ఆన్ చేసి కంప్యూటర్‌ని దానికి కలపండి. లాంచర్ తెరుచుకుంటే మీ ఇంటి రౌటర్‌దో, కనెక్షన్‌దో తప్పు. ఇలా చూసేటప్పుడు ఆటల డౌన్‌లోడ్లు వెంటనే పాజ్ చేయండి. లేకపోతే రోజుకు వచ్చే 1.5 జీబీ, 2 జీబీ డేటా కళ్లముందే అయిపోతుంది.

ఇంటి నెట్‌దే తప్పని తేలితే రౌటర్‌ని ఒక నిమిషం ఆపి ఆన్ చేయండి. తగ్గకపోతే డీఎన్ఎస్‌ని (సైటు పేరును బట్టి దాని చిరునామా వెతికిపెట్టే సర్వర్‌ని) 8.8.8.8 గానో 1.1.1.1 గానో మార్చి చూడండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ప్రాక్సీ అనే చోట ఏదైనా ఆన్‌లో ఉంటే ఆపండి. వీపీఎన్ ఉంటే అదీ ఆపండి. వడ్డేశ్వరం, వడ్లమూడి వైపు హాస్టళ్లలో ఉండే పిల్లలు ముందు వార్డెన్‌నో నెట్ చూసుకునేవాళ్లనో అడగండి. క్యాంపస్ వైఫైలలో గేమింగ్ సర్వర్లను కావాలనే ఆపి ఉంచుతుంటారు. అలాంటప్పుడు మీ కంప్యూటర్‌లో ఎంత వెతికినా ఏమీ దొరకదు.

యాంటీవైరస్ ఆపిందేమో

విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ చూడండి. లాంచర్ ఫైల్ అక్కడ కనిపిస్తే, అది అసలు సైటు నుంచి దించుకున్నదే అయితే, దాన్ని అనుమతించండి. యాంటీవైరస్‌ని మొత్తంగా ఆపేయడం నాకు ఇష్టం లేదు. టెలిగ్రామ్‌లో ఎవరో పెట్టిన ఫిక్స్ ఫైల్‌ని నడపడం కోసం ఆపడం అసలు వద్దు. అకౌంట్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. సాయం చేస్తానని స్టీమ్ గార్డ్ కోడ్ అడిగినవాళ్లకు ఎవరికీ చెప్పకండి.

ఇంకా తెరుచుకోకపోతే

విండోస్ ఏదో చూసుకోండి. స్టీమ్ 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8, 8.1లను వదిలేసింది. 2026 జనవరి 1 నుంచి 32-బిట్ విండోస్‌నీ వదిలేసింది. విండోస్ 10, 11లలో అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌లో మీది ఏదో రాసి ఉంటుంది. మీది ఆ వదిలేసిన వాటిలో ఒకటని తేలితే పైన చెప్పినవేవీ పనిచేయవు, విండోస్ మార్చాల్సిందే.

విండోస్ సరిగ్గానే ఉంటే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ (చాలా ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఫైళ్లు) ఎక్స్86, ఎక్స్64 రెండు రకాలూ వేసుకోండి. కొత్తగా ఒక యూజర్ అకౌంట్ చేసి అందులో లాంచర్ తెరిచి చూడటం కూడా మంచి పరీక్ష. ఆ అకౌంట్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. యూజర్ ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే కొన్ని ప్రోగ్రాములు దారి తప్పుతాయి. కొత్త అకౌంట్‌లో తెరుచుకుంటే తప్పు పాత ప్రొఫైల్‌లో ఉంది, విండోస్‌లో కాదు.

షాపుకే వెళ్లాల్సి వస్తే, వెళ్లే ముందు స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికి, రిలయబిలిటీ హిస్టరీ తెరవండి. లాంచర్ ఆగిన రోజు ఎర్ర గుర్తు ఉంటుంది. దాని వివరాలు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. షాపులో ఆ ఫొటో చూపించి, ఏమేం చేసి చూశారో వరుసగా చెప్పండి. మీ ఫైళ్లు పెన్ డ్రైవ్‌లోకి తీసుకుని మరీ వెళ్లండి. ఫార్మాట్ చేయాల్సి వస్తే మీకు ఫోన్ చేసి అడిగాకే చేయమని చెప్పి, ఆ మాటనే కాగితం మీద రాసి సీపీయూకి అంటించి ఇవ్వండి.