పిల్లల మానసిక వైద్యం – 4వ భాగం: మొదటి గంటలో ఎవరిని ఏం అడగాలి

సైకియాట్రీ ఎండీ మూడేళ్లలో పిల్లల ఓపీలో కూర్చునే అవకాశం చాలా చోట్ల కొన్ని వారాలే దొరుకుతుంది. ఆ తర్వాత పిల్లల మానసిక వైద్యంలోనే ఇంకో మూడేళ్లు డీఎం అనే పై కోర్సు చేద్దామంటే సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్ రాయాలి, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట్ల సీటు కోసం దేశమంతా పోటీ పడుతుంది, సీట్లేమో చాలా తక్కువ. అంటే రేపు మన జిల్లా ఆసుపత్రికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందిని చూసేది డీఎం చేసినవాళ్లు కాదు, ఆ కొన్ని వారాల అనుభవంతో బయటికొచ్చిన మనమే. అందుకే ఈ పాఠాలు.

గత భాగంలో గది, కుర్చీలు, బొమ్మలు, కాగితం, రంగుల గురించి చెప్పుకున్నాం. ఈసారి నేర్చుకోవాల్సింది వినడం. తల్లిదండ్రుల దగ్గర వేరేగా, పిల్లల దగ్గర వేరేగా.

ముందు తల్లిదండ్రులు. వాళ్లు గదిలోకి రాగానే ఒక తీర్పు చెప్తారు. "వీడు మహా మొండి డాక్టర్ గారూ, అస్సలు మాట వినడు." పీజీలు, అంటే ఎండీ చదువుతున్న డాక్టర్లు, దాన్ని యథాతథంగా కేసు షీట్లో రాసేసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. వెళ్లొద్దు, అక్కడే ఆగండి. "ఆఖరిసారి ఎప్పుడు జరిగిందమ్మా?" అని అడగండి. నిన్న అంటే నిన్న ఏ టైముకి, ఇంట్లో ఎవరెవరున్నారు, దానికి ముందు ఏం జరుగుతోంది, మీరేమన్నారు, వాడేం చేశాడు, ఎంతసేపటికి తగ్గాడు, ఏం చేస్తే తగ్గాడు. ఒక్క సంఘటనని ఇలా మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుంటే పది నిమిషాలు పడుతుంది, కానీ పది ఫిర్యాదులు వరసగా రాసుకున్నదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇద్దరు ఏడేళ్ల పిల్లల్ని ఊహించుకోండి, ఇద్దరి మీదా ఇదే ఫిర్యాదు. మొదటివాడి విషయంలో జరిగింది ఏమిటంటే, సాయంత్రం నాన్న ఫోన్ లాక్కున్నాడు, వాడు కింద పడి దొర్లి గ్లాసు విసిరాడు, నాన్నమ్మ వచ్చి "పోనీలేరా, పసివాడు" అని ఫోన్ మళ్లీ చేతికిచ్చింది, నిమిషంలో ఏడుపు ఆగిపోయింది. రెండోవాడి గొడవ అంతా పొద్దున్నే, యూనిఫాం తొడిగే వేళకి. కడుపునొప్పి అంటాడు, బాత్రూంలోంచి బయటికి రాడు, ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. మొదటి ఇంట్లో ఏడిస్తే ఫోన్ వస్తుందని పిల్లాడికి తెలిసిపోయింది. రెండో ఇంట్లో పిల్లాడు స్కూల్లో దేనికో భయపడుతున్నాడు. మొదటివాడికి ఇంట్లో పెద్దలంతా ఒకే మాట మీద ఉండటం మందు. రెండోవాడి మీద ఆ మందే వాడితే, అంటే ఏడ్చినా పట్టించుకోకుండా బలవంతంగా పంపించేస్తే, అక్కడ వాణ్ణి ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా అన్నది ఎప్పటికీ బయటికి రాదు.

ఇంకో మాట. వీలైతే నాన్నని, నాన్నమ్మని కూడా ఇదే సంఘటన గురించి విడిగా అడగండి. ముగ్గురూ మూడు రకాలుగా చెప్తే కంగారు పడొద్దు, ఎవరిది నిజమో తేల్చడం మన పని కాదు. ఆ తేడానే రాసుకోండి.

ఇక పుట్టినప్పటి నుంచి ఎదుగుదల ఎలా సాగింది అన్నది. ఇక్కడే అందరం ఎక్కువ తడబడతాం. "ఎన్నో నెలలో కూర్చున్నాడమ్మా?" అంటే "అందరి పిల్లల్లాగే సార్" అంటుంది అమ్మ. ఆవిడ తప్పేం లేదు, ఆరేళ్ల కిందటి నెలల లెక్క ఎవరికి గుర్తుంటుంది? కానీ వేడుకలు గుర్తుంటాయి, ఫోటోలు ఫోన్లో ఉంటాయి. మన ఇళ్లలో బారసాల, అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు, పుట్టువెంట్రుకలు, అక్షరాభ్యాసం ఇవన్నీ ఇంచుమించు ఒక వయసుకి కట్టుబడి జరిగేవి. వాటిని పట్టుకుని అడగండి.

అన్నప్రాసన ఐదారు నెలలకి చేస్తారు. "ఆ రోజు ఫోటో చూపించమ్మా, ఎవరి ఒళ్ళో ఉన్నాడు, నడుం నిలబెట్టాడా, వెనక చెయ్యి ఆసరా ఉందా?" పుస్తకం, కలం, బంగారం, డబ్బు ముందు పెట్టి పిల్లాణ్ణి వదిలే వీడియో ఉంటే మరీ మంచిది. పాకకపోయినా ఆ వయసుకి తప్పు లేదు. చెయ్యి చాచి అందుకుంటున్నాడా, రెండు చేతులూ సమానంగా కదులుతున్నాయా, వెనకనుంచి ఎవరైనా పిలిస్తే అటు తల తిప్పుతున్నాడా, తాతయ్య నవ్విస్తే నవ్వుతున్నాడా, ఇవి చూడండి. దేనిమీద చెయ్యి పెడతాడా అని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి కేకలు పెడుతుంటారు కదా, అంత సందడికి పిల్లాడు ఎలా స్పందిస్తున్నాడో చూడటానికి మనకి ఓపీలో ఎప్పటికీ దొరకని అవకాశం అది.

మొదటి పుట్టినరోజు వీడియో ఇంకా విలువైంది. 1994లో ఓస్టర్‌లింగ్, డాసన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు సరిగ్గా ఇవే వీడియోలు తెప్పించుకున్నారు, తర్వాత ఆటిజం అని తేలిన 11 మంది పిల్లలవి, మామూలుగా ఎదిగిన 11 మందివి. కేకు ముందు కూర్చున్న ఆ ఏడాది వయసు పిల్లల్లో అప్పటికే తేడా కనిపించింది. ఆటిజం ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల ముఖాల వైపు తక్కువ చూశారు, వేలు పెట్టి చూపించడం తక్కువ, పేరు పెట్టి పిలిస్తే తిరగడం తక్కువ. కాబట్టి మీరు కూడా సౌండ్ పెట్టి చూడండి. ఎన్నిసార్లు పేరు పిలిచారు, ఎన్నిసార్లు తిరిగాడు? ఒక్క వీడియో చూసి ఎవరికీ ఆటిజం అని చెప్పేయకండి, పుట్టినరోజు నాడు జ్వరంగా ఉన్న పిల్లలూ ఉంటారు. అనుమానం వస్తే మిగతా పరీక్ష పూర్తిగా చేయడానికి అదొక కారణం, అంతే.

మాటల దగ్గర రెండేళ్లు గుర్తుపెట్టుకోండి. 24 నెలలు నిండేసరికి ఎవరో అన్నది తిరిగి అనడం కాకుండా తనంతట తను "అమ్మా దా", "పాలు వద్దు" అని రెండేసి మాటలు కలపాలి. కలపకపోతే "మా ఆయన కూడా నాలుగేళ్లకి మాట్లాడాడట" అన్న మాట విని పంపించేయకండి. అంతకంటే ముఖ్యం, వచ్చిన మాటలు పోవడం. ఏ వయసులోనైనా సరే, మాట్లాడే పిల్లాడు మానేశాడంటే అది ఆగి చూడాల్సిన విషయం. ఈ రెంటిలో ఏదున్నా ముందు వినికిడి పరీక్షకి పంపండి. అన్నట్టు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవాళ్లు వీడియో కాల్‌లో అడుగుతుంటారు, ఇంట్లో తెలుగు మానేస్తే మాట త్వరగా వస్తుందా అని. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. తెలుగు మాన్పించొద్దని గట్టిగా చెప్పండి.

ఇప్పుడు పిల్లలతో ఒంటరిగా. ఐదేళ్లలోపు వాళ్లని అమ్మ దగ్గర్నుంచి బలవంతంగా విడదీయకండి, అమ్మ ఉండగానే కింద కూర్చుని ఆడండి. కాస్త పెద్దవాళ్లయితే "ఇంట్లో అందరూ ఏదో ఒకటి చేస్తున్నట్టు బొమ్మ గియ్యి నాన్నా" అని కాగితమిచ్చి, గీస్తున్నంతసేపూ ఆ బొమ్మ గురించే మాట్లాడండి. టీనేజ్ పిల్లలైతే నా పద్ధతి వేరు, వాళ్లని తల్లిదండ్రులకంటే ముందు లోపలికి పిలుస్తాను. అరగంట అమ్మానాన్నలతో మాట్లాడి తర్వాత పిలిస్తే, వాళ్ల దృష్టిలో మనం అప్పటికే అటు పక్క మనిషి.

వాళ్లతో మొదట చెప్పాల్సింది గోప్యత గురించి. ఈ మాటలు నోటికి వచ్చేదాకా సాధన చేయండి: "నువ్వు ఇక్కడ చెప్పేది మీ అమ్మానాన్నలకి నేను చెప్పను. కానీ నీ ప్రాణానికి ప్రమాదం అనిపించినా, నీవల్ల ఇంకెవరికైనా ప్రమాదం అనిపించినా, ఎవరైనా నీతో తప్పుగా ప్రవర్తిస్తున్నారని తెలిసినా, అప్పుడు మాత్రం చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తాను." తర్వాత "నేనేమన్నానో నీకెలా అర్థమైందో చెప్పు" అని అడగండి. దీన్ని ముందే ఎందుకు చెప్పాలంటే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి తెలియజేయడం డాక్టర్‌కి కూడా తప్పనిసరి, చెప్పకపోతే 6 నెలల దాకా జైలు పడొచ్చు. ఎవరికీ చెప్పనని ఒట్టేసి, తర్వాత ఆ ఒట్టు తప్పితే, ఆ పిల్ల ఇంకే పెద్దవాళ్లనీ నమ్మదు.

ఆత్మహత్య గురించి అడగడం. ఇంటర్ ఫలితాలొచ్చే రోజుల్లో క్యాజువాలిటీలో డ్యూటీ చేసినవాళ్లకి ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న టెన్షన్ వదిలేయండి, అలా జరగదని పరిశోధనలు చూపించాయి. కానీ అడిగే తీరు ముఖ్యం. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటే ఎవరైనా "లేవు సార్" అనే అంటారు, మనకి కావాల్సిన జవాబు మనమే వాళ్ల నోట్లో పెట్టేశాం. ఇలా వెళ్లండి: "ఇంత ఒత్తిడిలో ఉన్నప్పుడు కొందరికి పడుకుని మళ్లీ లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. నీకు ఎప్పుడైనా అనిపించిందా?" అవునంటే, "చనిపోవాలని అనిపించిందా?" తర్వాత "ఎలా అని ఆలోచించావా?" ఆ తర్వాత "అది మీ ఇంట్లో అందుబాటులో ఉందా?" ఒక్కో ప్రశ్నకీ మధ్య ఆగండి. పిల్లలు తల దించుకుని, గోరు గిల్లుకుంటూ, ఒక్కోసారి చాలాసేపు ఏమీ అనరు. ఆ ఖాళీని మీ మాటలతో నింపకండి, ఫైలు వైపు చూడకండి, పెన్ను కింద పెట్టి కూర్చోండి. జవాబు చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది.

ఆఖరి ప్రశ్నకి జవాబు పురుగుమందు అయితే, ఆ సాయంత్రంలోగా ఆ డబ్బా ఇంట్లోంచి వెళ్లిపోవాలి. పిల్లాడికి చెప్పి, నాన్నని పిలిచి, మీ ఎదుటే ఇంటికి ఫోన్ చేయించండి. తాతయ్య బీపీ, షుగర్ మాత్రలు కూడా తాళం లోపలికి పోవాలి. పిల్లాణ్ణి ఒంటరిగా వదలొద్దనీ, మళ్లీ ఎప్పుడు చూపించాలో కూడా చెప్పండి. ఉద్దేశం గట్టిగా ఉందనిపిస్తే ఇంటికి పంపకుండా వెంటనే సీనియర్‌కి చెప్పండి. ఓపీ చీటీ మీద ప్రభుత్వ మానసిక సహాయ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి. ఇప్పటికే ఆత్మహత్యా ప్రయత్నం చేసి వచ్చిన పిల్లల ఇళ్లలో పోలీసు కేసవుతుందేమో అన్న భయంతో నిజం దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ చెప్తోంది. ఆ మాట వాళ్లకి తెలుగులో, నెమ్మదిగా చెప్పండి.

ఈ వారం అభ్యాసం. మీ ఓపీలో ఇద్దరు పిల్లల విషయంలో ఫిర్యాదు పక్కన పెట్టి ఆఖరి సంఘటన మాత్రమే పూర్తిగా రాయండి, అందులో "మొండి", "హైపర్", "బద్ధకం" లాంటి మాట ఒక్కటీ ఉండకూడదు. ఒక ఇంటి పుట్టినరోజు వీడియో తల్లితో కలిసి, ఆవిడ అనుమతితో చూడండి. గోప్యత మాటలు, ఆత్మహత్య ప్రశ్నలు తోటి పీజీని ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి పలకండి, కాగితం చూడకుండా వచ్చేదాకా.

వచ్చే భాగం స్కూలు గురించి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) అనాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, ఇంట్లో ఒక్కచోటే కాకుండా కనీసం రెండు చోట్ల కనిపించాలి, కాబట్టి టీచర్ మాట వినకుండా మనం ఏమీ తేల్చలేం. అప్పాయింట్‌మెంట్ తీసుకున్న తల్లిదండ్రులకి ఇప్పుడే చెప్పి ఉంచండి, ప్రోగ్రెస్ కార్డుతో పాటు తెలుగు, లెక్కల నోటు పుస్తకాలు కూడా పట్టుకురమ్మని, శుభ్రంగా తిరగరాయించకుండా ఉన్నవి ఉన్నట్టే.