బ్యాంకాక్–టోక్యో: టికెట్ మీద టైమ్ చూసి లెక్కేయకండి

బ్యాంకాక్ నుంచి టోక్యోకి విమాన దూరం సుమారు 4,600 కిలోమీటర్లు. వెళ్లడానికి దాదాపు 6 గంటలు, తిరిగి రావడానికి 7 గంటల దాకా పడుతుంది. తేడా అంతా గాలిదే. జపాన్ మీదుగా పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. చలికాలంలో దీని జోరు మరీ ఎక్కువ.

టికెట్ మీద మాత్రం లెక్క తిరగబడి కనిపిస్తుంది. టోక్యో 2 గంటలు ముందుంటుంది కదా! రాత్రి 11కి బ్యాంకాక్‌లో ఎక్కితే ఉదయం 7కి దిగుతారు, చూస్తే 8 గంటల ప్రయాణంలా ఉంటుంది. అందుకే దిగే టైమ్‌లోంచి ఎక్కే టైమ్ తీసేయకుండా, ప్రయాణ వ్యవధి అని విడిగా వేసే అంకె చూడండి. భోజనం, ల్యాండింగ్ హడావుడి పోగా నాలుగు గంటల నిద్ర దక్కితే గొప్పే.