మీ ఊరి ర్యాంపు కొలత జెనీవాకి చేరాలంటే

మా మండలంలో ఒక ఆఫీసు ముందు మూడు మెట్లున్నాయి. మొత్తం ఎత్తు 18 అంగుళాలు. పక్కనే సిమెంటు ర్యాంపు కట్టారు, పొడవు 6 అడుగులు. అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల ర్యాంపు ఉండాలన్నది మన దేశంలో పాటించాల్సిన లెక్క. అంటే అక్కడ 18 అడుగులు రావాలి. మా సంఘంలో వీల్‌చైర్ వాడే అక్కని ఇద్దరం వెనకనుంచి తోస్తే సగం దాకా వెళ్లి, మళ్లీ మా మీదకే జారింది. నా కుడికాలికి ఊతంగా కట్టే క్యాలిపర్ ఉంది, ఆనించి పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఆ రోజు టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. రికార్డులో మాత్రం ఆ ఆఫీసుకి ‘ర్యాంపు ఉంది’.

‘ఉంది’ అన్న ఆ మాటకీ, జారిన వీల్‌చైర్‌కీ మధ్య ఉన్న తేడాని రాసి జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కమిటీకి పంపడమే ప్రత్యామ్నాయ నివేదిక. షాడో రిపోర్ట్ అంటారు. మా వికలాంగుల సంఘంలో ఈ పని చేస్తూ నేర్చుకున్నది చెప్తాను. మహిళల హక్కులకీ, పిల్లల హక్కులకీ ఒడంబడికలు (దేశాలు చేసుకునే ఒప్పందాలు) వేరు, కమిటీలు వేరు. పని తీరు మాత్రం దాదాపు ఇదే.

వికలాంగుల హక్కుల ఒడంబడికని ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించింది. మన దేశం 2007 అక్టోబర్ 1న దానికి కట్టుబడింది. అమలు ఎలా ఉందో చూసే పనిలో పౌర సమాజం, ముఖ్యంగా వికలాంగులూ వాళ్ల సంఘాలూ పూర్తిగా పాల్గొనాలని అందులో 33వ అధికరణం చెప్తుంది. కాబట్టి మనం రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంకో సంగతి. ఈ ఒడంబడికకి ఉన్న ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో, అంటే ఇష్టమైన దేశాలే చేరే అనుబంధ ఒప్పందంలో, మన దేశం చేరలేదు. అందుకే ఒక మనిషి తన కేసుని నేరుగా ఆ కమిటీ ముందు ఫిర్యాదుగా పెట్టుకునే వీలు మనకి లేదు. అందుకే ఈ రిపోర్టుని అంత గట్టిగా పట్టుకోవాలంటాను.

మొదటి నివేదికకి వరస ఇది: ముందు ప్రభుత్వం తన నివేదిక పంపుతుంది. జెనీవాలో 18 మంది నిపుణుల కమిటీ దాన్ని చదివి ప్రశ్నల జాబితా తయారు చేస్తుంది. తర్వాత ప్రభుత్వ బృందాన్ని కూర్చోబెట్టి అడుగుతుంది. చివర్లో సిఫార్సులు ఇస్తుంది. మనం కాగితం పంపాల్సింది రెండుసార్లు: ప్రశ్నలు తయారవక ముందు ఒకసారి, విచారణకి ముందు ఇంకోసారి. నన్నడిగితే మొదటిదే ముఖ్యం. మన సంగతి ఆ జాబితాలోకి ఎక్కితే ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. గడువు తేదీలు, ఎన్ని పదాలు దాటకూడదన్న లెక్క ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉంటాయి. అవి ముందే చూసుకోండి.

ఇక సమాచారం. ఒక లాంగ్‌నోట్‌బుక్, ఒక కొలిచే టేపు చాలు. ఒక్కో చోటికి ఒక్కో పేజీ పెట్టండి. తేదీ, ఎత్తు, పొడవు, తలుపు వెడల్పు, మరుగుదొడ్డి తెరిచి ఉందా తాళం వేసి ఉందా, ఎవరు చూశారు, ఇవన్నీ అక్కడే రాయండి. ఇంటికొచ్చాక రాద్దామంటే ‘చాలా ఇబ్బందిగా ఉంది’ అన్న వాక్యమే మిగులుతుంది. ఆ వాక్యం జెనీవాలో ఎవరికీ పనికిరాదు. ‘ఒకావిడ వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకి నాలుగుసార్లు వెళ్లింది, ప్రతిసారీ ఆటోకి 450 రూపాయలు, నాలుగోసారి డాక్టరు రాలేదు’ అని రాస్తే దాన్ని ఎవరూ తోసెయ్యలేరు.

మన కాగితం పక్కన ప్రభుత్వ కాగితం కూడా ఉండాలి. అందుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ర్యాంపులు ఉన్నాయా’ అని అడగకండి, ‘ఉన్నాయి’ అని వస్తుంది. ఎత్తెంత, పొడవెంత, ఎప్పుడు కట్టారు, ఎంత ఖర్చయింది అని అడగండి.

మనుషుల కథలు తీసుకునేటప్పుడు జాగ్రత్త. ఈ కాగితం ఎక్కడికి వెళ్తుందో, ఎవరు చదువుతారో వాళ్ల భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే రాయాలి. రిపోర్టులు మామూలుగా అందరికీ కనబడేలా వెబ్‌సైట్‌లో పెడతారు. అందుకే పేరూ ఊరూ తీసేయండి. చిన్న ఊళ్లో ‘చెవుడున్న అంగన్‌వాడీ ఆయా’ అంటే పేరు చెప్పినట్టే. పింఛను ఆగిపోతుందేమోనని ఒకావిడ వారం తర్వాత వద్దంది. ఆ పేజీ మొత్తం పక్కన పెట్టేశాం. అలా పెట్టెయ్యాల్సిందే.

రాసేటప్పుడు ఒక్కో విషయాన్నీ ఒక్కో అధికరణం కింద పెట్టండి. ర్యాంపు 9వ అధికరణం కింద, పోలింగ్ బూత్ 29 కింద. ముందు 2016 వికలాంగుల హక్కుల చట్టం ఏం చెప్తుందో ఒక్క వాక్యం, తర్వాత మనం చూసింది, చివర్లో కమిటీ ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్న మీరే రాసివ్వండి, వాళ్ల చేతిలో టైమ్ తక్కువ. తెలుగులో సేకరించినా పంపేది ఇంగ్లిష్‌లో. అనువాదం చేసేవాళ్లకి ‘సదరం’ అంటే ఏంటో వివరంగా చెప్పాలి. స్కాన్ చేసిన కాగితాలు కాకుండా వర్డ్ ఫైల్ పంపండి. ఆ కమిటీలో వికలాంగులైన సభ్యులుంటారు, చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో చదువుకోవాలి కదా. ఒంటరిగా పంపే బదులు పది సంఘాలు కలిసి ఒకటి పంపితే చదివే అవకాశం ఎక్కువ.

మన దేశం మొదటి నివేదిక మీద విచారణ 2019 సెప్టెంబర్ 2, 3 తేదీల్లో జరిగింది. ఆ సిఫార్సుల పత్రంలో, వికలాంగులకి ప్రభుత్వం వాడే ‘దివ్యాంగ్‌జన్’ అన్న మాట వివాదాస్పదమని కమిటీ ప్రస్తావించింది. మాలో చాలామంది ఎప్పటినుంచో చెప్తున్న అభ్యంతరమే అది. అక్కడ అచ్చులో చూసినప్పుడు మా మీటింగ్‌లో ఒకటికి రెండుసార్లు పైకి చదివించుకున్నాం.

సిఫార్సులు వచ్చాక చాలా సంఘాలు అక్కడితో ఆగిపోతాయి. ఆ పత్రం దానంతట అదే మండలానికి రాదు, మనమే తేవాలి. అందుబాటు గురించి ఉన్న పేరాలు తెలుగులోకి రాసుకుని, ర్యాంపు ఫొటో, కొలతల పేజీ జతచేసి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం. రసీదు నంబరుని నోట్‌బుక్‌లో అదే ర్యాంపు పేజీ మీద, 18 అంగుళాలు, 6 అడుగులు అన్న అంకెల కింద రాసుకున్నాం. తర్వాతి రిపోర్టుకి ఆ పేజీ నుంచే మొదలుపెడతాం.